నిలిచిన లారీ - నిలువ యింధనము

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములు కృష్ణా డెల్టాలోనివి. ఇచ్చటి పొలములలో పండిన ధాన్యము పూర్వము ఎడ్లబండ్లపైనను, కాలువలలో పడవలపైనను మిల్లులకు చేరుచుండెడిది. క్రమముగా ఆ బరువును లారీలు తలకెత్తుకొన్నవి. తొలినాటి లారీలలో పెక్కు పెట్రోలుతో నడచునవి. 1954వ సంవత్సరమున టాటావారు జర్మనీదేశపు డైమ్లర్-బెంజ్ కంపెనీతో కలిసి జంషెడ్‌పూరులో డీసెలు లారీలను నిర్మింప నారంభించిరి. ఆ యొడంబడిక 1969లో ముగిసినది.

అట్టి పాత లారీ యొకటి షెడ్డులో ఏండ్ల తరబడి నిలిచి యున్నదనుకొందము. దానిని మరల నడిపింపవలెనని యజమానునకు కోరిక కలిగినది. "బ్యాటరీ తగిలించి స్టార్టు చేసి చూతము" అని పెక్కురు తొందరపడుదురు. అట్లు చేయరాదు. మొదట ట్యాంకులోని పాత యింధనమును తీసివేయవలెను. ఏలయన, వండిన అన్నమువలెనే ఇంధనము కూడ నిలువ యుండిన చెడిపోవును.

పెట్రోలు పెక్కు ద్రవముల మిశ్రమము. అందు తేలికగా ఆవిరియగు భాగములు ముందుగా ఎగిరిపోవును. మిగిలినది గాలిలోని ప్రాణవాయువుతో కలిసి, తుమ్మజిగురువంటి పదార్థమై, కార్బురేటరులోని సన్నని రంధ్రములను మూసివేయును. నేటి పెట్రోలులో నూటికి 20 పాళ్ల వరకు ఎథనాలును కలుపుచున్నారు. ఎథనాలు నీటిని పీల్చుకొనును. నీరు మితిమీరినచో ఆ రెండును కలిసి ట్యాంకు అడుగునకు దిగును.

డీసెలు అంత త్వరగా ఆవిరి కాదు. దానికి శత్రువు నీరు. మూసియున్న ట్యాంకులోనికి నీరెట్లు వచ్చును? పగటియెండకు ట్యాంకులోని గాలి వ్యాకోచించి వెలికి పోవును. రాత్రి చల్లబడగనే బయటిగాలి లోనికి వచ్చును. సముద్రతీరమునకు చేరువనున్న బాపట్ల, రేపల్లెలలో గాలియందు తేమ యెక్కువ. చన్నీటి చెంబుపై చెమట పట్టినట్లు, ఆ తేమ ట్యాంకు రేకుపై బిందువులై అడుగునకు జారును. డీసెలు పైన, నీరు క్రింద నిలుచును. రెండును కలియు తావున సూక్ష్మజీవులు పెరిగి నల్లని జిగట ఏర్పడును. ఇంజెక్షను పంపులోని భాగముల నడుమ ఎడము మిల్లీమీటరులో కొన్ని వేయవ వంతులు మాత్రమే. అందు నీరు చేరినచో అవి త్రుప్పుపట్టి బిగిసిపోవును. తొందరపడి స్టార్టు చేసినచో, ట్యాంకులోని మురికిని మనమే పంపులోనికి పంపినట్లగును.

ఈ పని అనుభవముగల మెకానిక్కు చేయవలసినది, బాలలు చేయరానిది. అయినను పద్ధతి తెలిసికొనుట మంచిది. లారీని ఆరుబయట నిలిపి, చక్రములకు అడ్డుగా రాళ్లు పెట్టవలెను. బ్యాటరీ తీగలను విడదీయవలెను. దాపున పొయ్యి, దీపము, బీడీ ఉండరాదు. ఇసుక బకెట్లు సిద్ధముగా నుండవలెను. పిదప కొంచెము ఇంధనమును గాజుసీసాలోనికి తీసి చూచినచో, తేటగా నున్నదో, నల్లబడి అడుగున నీరు చేరినదో తెలియును. ట్యాంకు అడుగునగల మరను విప్పి, ఇంధనమును మూతగల లోహపు డబ్బాలలోనికి దింపవలెను. పెట్రోలైనచో ట్యాంకును, డబ్బాను తీగతో కలుపుదురు. లేనిచో స్థిరవిద్యుత్తువలన నిప్పురవ్వ పుట్టవచ్చును.

కొందరు గొట్టమును నోట పెట్టుకొని ఇంధనమును పీల్చి లాగుదురు. ఇది ప్రాణాపాయము. కొద్దిపాటి ఇంధనము ఊపిరితిత్తులలోనికి పోయినను తీవ్రమైన జబ్బు చేయును. మ్రింగినవానిచే వాంతి చేయింపరాదు. వెంటనే ఆసుపత్రికి కొనిపోవలెను. ఈ పనికి చేతిపంపు వాడవలెను.

ట్యాంకు ఖాళీ అయినది గదా, ఇక భయమేమి యని తలపరాదు. "అన్నియు నున్న విస్తరి అణగిమణగి యుండును, ఏమియు లేని విస్తరి ఎగిరెగిరి పడును" అను సామెత ఇచ్చట అక్షరాల చెల్లును. మండునది ద్రవము కాదు, దాని ఆవిరి. గాలిలో పెట్రోలు ఆవిరి నూటికి ఇంచుమించు 1.4 మొదలు 7.6 పాళ్ల వరకు నున్నప్పుడు నిప్పు తగిలిన ప్రేలును. ఖాళీ ట్యాంకులో అట్టి మిశ్రమమే యుండవచ్చును. ఆ యావిరి గాలికంటె బరువైనది. నేలబారున ప్రాకి దూరముననున్న నిప్పును చేరగలదు. డీసెలు ట్యాంకులో సైతము వేడి తగిలిన ఆవిరి పుట్టును. కనుక శుద్ధిచేయని ట్యాంకునకు వెల్డింగు చేయుటయు, అగ్గిపుల్ల వెలిగించి లోనికి చూచుటయు మృత్యువును పిలుచుటయే.

ట్యాంకును కడిగి ఆరబెట్టిన పిమ్మట ఫిల్టర్లను, బీటలువారిన గొట్టములను మార్చి, క్రొత్త ఇంధనమును పోయుదురు. డీసెలు గొట్టములలో చిక్కుకొన్న గాలిని వెడలించి, అప్పుడు ఇంజనును నడుపుదురు.

తీసిన ఇంధనమును కాలువలో పోయరాదు. డెల్టాలో ఆ కాలువనీరే పొలములను తడుపును. ఆ నీటితోనే ఊరి చెరువులు నిండును. దానిని కాలుష్య నియంత్రణ మండలి అనుమతి పొందినవారికి అప్పగింపవలెను. ఒక లారీని బ్రతికించుటకై పదిమంది త్రాగు నీటిని చెరచుట న్యాయము కాదు గదా!