కొంగుముడిలో షుగర్ బిళ్ల: పల్నాడు కూలి బతుకుల్లో మధుమేహం

షుగర్ డబ్బున్నోళ్ల జబ్బు అనే మాట ఇంకా పోలేదు. కూర్చుని తినేవాళ్లకు వస్తుంది గానీ కష్టం చేసే ఒంటికి రాదంటారు. నరసరావుపేట, గురజాల, మాచర్ల చుట్టుపక్కల మాలపల్లెల్లో, మాదిగపల్లెల్లో మేము మాట్లాడిన కూలి ఆడవాళ్లలో చాలామందికి ఈ మాట తెలుసు. కొందరైతే షుగర్ ఉందని తేలాక కూడా నమ్మలేదు. "బక్కచిక్కి ఉన్నా, నాకెట్లా వస్తది?" అని అడిగారు.

ఆ ప్రశ్న న్యాయమైనదే. దానికి జవాబు కూడా ఉంది. భారత వైద్య పరిశోధన మండలి దేశమంతటా చేసిన ఇండియాబ్ సర్వే ఫలితాలు 2023లో వచ్చాయి. దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందని, మరో 13.6 కోట్ల మంది దాని అంచున ఉన్నారని అది తేల్చింది. వీళ్లందరూ లావుగా ఉన్నవాళ్లు కాదు. పుణె దగ్గరి పల్లెల్లో 1993లో మొదలైన ఒక అధ్యయనం తల్లుల తిండినీ పిల్లల ఒంటినీ కలిపి చూసింది. అక్కడ తక్కువ బరువుతో పుట్టిన బిడ్డల్లో కండ తక్కువగా, బరువుతో పోలిస్తే కొవ్వు ఎక్కువగా కనిపించింది. కడుపులో ఉన్నప్పుడే తిండి కరువైన శరీరానికి, పెద్దయ్యాక చక్కెరను సర్దుకునే శక్తి తక్కువగా ఉంటుంది. పోషకాహార లోపంతో వచ్చే మధుమేహాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1985లో ఒక రకంగా గుర్తించి, 1999లో జాబితా నుంచి తీసేసింది. 2025లో అంతర్జాతీయ డయాబెటిస్ సమాఖ్య దాన్ని 'టైప్ 5' పేరుతో మళ్లీ గుర్తించింది. ఆకలి కూడా షుగర్‌కు ఒక దారి అని ఒప్పుకోవడానికి వైద్యశాస్త్రం ఇంత కాలం తీసుకుంది. తరతరాలుగా భూమి లేని, గర్భంతో ఉన్నప్పుడు కూడా నాట్లకూ కలుపులకూ పోయిన ఆడవాళ్ల పిల్లలం మనం. ఈ జబ్బును తిండిపోతుతనానికి శిక్షలాగా మాట్లాడేవాళ్లకు ముందుగా ఈ సంగతి చెప్పాలి.

మిరపచేలో బిళ్ల వేసుకోవడం

డాక్టరు రాసే చీటీ ఒక మనిషిని ఊహించుకుని రాసినట్టు ఉంటుంది. ఆ మనిషి ఎనిమిదింటికి టిఫిన్ చేస్తాడు, ఒంటిగంటకు భోంచేస్తాడు, సాయంత్రం పార్కులో నడుస్తాడు. మిరపకోతల కాలంలో కూలికి పోయే మనిషి తెల్లవారకముందే లేచి వంట చేసి, క్యారేజీ కట్టుకుని ఆటో ఎక్కుతుంది. చేలోకి దిగాక మేస్త్రి చెప్పినప్పుడే తిండి. ఆమెను సాయంత్రం నడవమని చెప్పడం అన్యాయం అనేకన్నా అర్థం లేని పని అనాలి.

ఇది సౌకర్యం, అసౌకర్యం దగ్గర ఆగే విషయం కాదు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఎక్కువగా ఇచ్చే బిళ్లలు రెండు రకాలు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడితే చక్కెర మరీ పడిపోవడం అరుదు. గ్లిమిపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ లాంటివి అలా కాదు. అవి క్లోమగ్రంథిని తట్టి ఇన్సులిన్ బయటకు పంపిస్తాయి. తిండి కడుపులో పడినా పడకపోయినా తమ పని తాము చేస్తాయి. ఆరింటికి బిళ్ల వేసుకుని, పదకొండు దాకా తినకుండా ఎండలో వంగి కాయ కోస్తే రక్తంలో చక్కెర 70 మిల్లీగ్రాముల కిందికి జారొచ్చు. చేతులు వణుకుతాయి, చెమట పోస్తుంది, కళ్లు మసకబారతాయి, మాట తడబడుతుంది.

పల్నాడులో దీన్ని వడదెబ్బ అనుకుంటారు. రెంటచింతల పేరు ఎండాకాలం వార్తల్లో ఎందుకొస్తుందో తెలిసినవాళ్లెవరూ అలా అనుకున్నందుకు తప్పుపట్టలేరు. పడిపోయిన మనిషిని నీడకు చేర్చి నీళ్లు తాగించి, విసురుతారు. అది వడదెబ్బే అయితే మంచిదే. చక్కెర పడిపోయి ఉంటే మాత్రం వట్టి నీళ్లు ఏమీ చేయవు. తెలివి ఉంటే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించాలి. పావుగంట ఆగి చూసి, తగ్గకపోతే మళ్లీ ఇవ్వాలి. తేరుకున్నాక అన్నం తినిపించాలి. తెలివి తప్పితే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలి. ముఠాలో ఎవరికి షుగర్ ఉందో మేస్త్రికి తెలిసి, ఆటోలో ఒక చక్కెర పొట్లం ఉంటే చాలావరకు పని జరుగుతుంది. కానీ షుగర్ ఉందని తెలిస్తే పనికి పిలవరనే భయం ఉంది. అందుకే బిళ్ల కొంగుముడిలో దాక్కుంటుంది. కొందరు చేలో కళ్లు తిరుగుతాయని పనిరోజుల్లో బిళ్ల మానేసి, పని లేని రోజున వేసుకుంటారు. వైద్య రికార్డుల్లో ఇలాంటివాళ్లను 'మందులు సరిగా వాడనివారు' అని రాస్తారు. వాళ్లు చేస్తున్నది తమకు తెలిసినంతలో ప్రాణం కాపాడుకోవడం. దీనికి దారి బిళ్ల మానేయడం కాదు. తన పనివేళలు డాక్టరుకు చెప్పి, మందు రకాన్నో, వేసుకునే వేళనో మార్పించుకోవడం. అలా చెప్పేంత సేపు ఓపీలో దొరకాలి, అది వేరే సంగతి.

నీళ్ల సంగతీ ఇలాంటిదే. షుగర్ ఎక్కువైతే దాహం, మూత్రం రెండూ పెరుగుతాయి. చేలో మరుగు ఉండదు కాబట్టి ఆడవాళ్లు నీళ్లు తాగడమే తగ్గిస్తారు. ఎంపాగ్లిఫ్లోజిన్ అనే కొత్త తరం బిళ్ల మీద పేటెంటు 2025 మార్చిలో ముగిసి ధర బాగా దిగింది. గుండెకూ మూత్రపిండాలకూ మేలు చేసే మంచి మందది. అయితే అది చక్కెరను మూత్రంలోకి పంపి పని చేస్తుంది. కాబట్టి ఒంట్లో నీరు తగ్గకుండా చూసుకోవాలి, శుభ్రతకు నీళ్లు కావాలి, లేకపోతే జననాంగాల దగ్గర ఇన్‌ఫెక్షన్లు వస్తాయి. మందు చవకైతే సరిపోదు, చేను గట్టున మరుగుదొడ్డి కూడా ఉండాలి. మందుల ధరల గురించి రాసే వ్యాసాల్లో ఈ మాట మాకు కనిపించలేదు.

కంచంలో కులం

పల్నాడు ఒకప్పుడు జొన్న తిన్న సీమ. ఇక్కడి జొన్నకూడును ఎగతాళి చేసిన చాటుపద్యాలు శ్రీనాథుడి పేరు మీద నేటికీ చెలామణిలో ఉన్నాయి. సాగర్ కుడి కాలువ వచ్చాక వరి వచ్చింది, కాలువ అందని చోట పత్తి, మిర్చి వచ్చాయి. 1983లో రెండు రూపాయల బియ్యం వచ్చింది. ఆ బియ్యం ఎన్నో ఇళ్లలో ఆకలి తీర్చింది, దాన్ని తక్కువ చేసి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు. కానీ నలభై ఏళ్లు తిరిగేసరికి పేదవాడి కంచంలో తెల్లన్నం కొండలా పెరిగింది. పప్పు, కూర అంచుకు జరిగిపోయాయి. ఇప్పుడు రేషన్ బియ్యం ఉచితం, జొన్నలు కొనుక్కోవాలి. షుగర్ ఉన్న కూలిమనిషికి "అన్నం మానేసి జొన్నరొట్టె తిను" అని చెప్పడం సులువు. ఆ జొన్నల డబ్బు ఎవరిస్తారు?

చట్టంలో ఒక తలుపు ఉంది. 2013 జాతీయ ఆహార భద్రతా చట్టం బియ్యం, గోధుమలతో పాటు ముతక ధాన్యాలను కూడా కార్డుదారుల హక్కుగా చేర్చింది. కిలో రూపాయి అని ధర కూడా పెట్టింది. కాబట్టి షుగర్ ఉన్న ఇళ్లకు బియ్యంలో కొంత భాగం బదులు జొన్నలో, రాగులో ఇవ్వమని అడగడం దయ కోసం అడగడం కాదు.

ఇక డైట్ చార్టు. ఓట్స్, మొలకలు, పనీరు, చపాతీ, గుడ్డు తెల్లసొన. మేము చూసిన చార్టుల్లో పెద్దకూర మాట లేదు. బ్రహ్మనాయుడి చాపకూడు గురించి కారంపూడి వీరుల తిరునాళ్లలో ఏటా గొప్పగా చెప్పుకుంటాం. ఆ చాప డైటీషియన్ గది దాకా ఇంకా పరచలేదు. శాస్త్రం ప్రకారం చూస్తే, అన్నం తగ్గించి మాంసకృత్తులు పెంచమనేదే మధుమేహానికి చెప్పే సలహా. కొవ్వు తీసిన గొడ్డుమాంసం మన ఇళ్లలో చవకగా దొరికే మాంసకృత్తు. పిడికెడు అన్నానికి బదులు నాలుగు ముక్కలు ఎక్కువ తింటే చక్కెర ఎగబాకడం తగ్గుతుంది. జాగ్రత్త పడాల్సినవి వేరే ఉన్నాయి. ఉప్పు పట్టించి ఎండబెట్టిన తునకలు, ఎండుచేపలు, నిల్వ పచ్చళ్లు రక్తపోటు ఉన్నవాళ్లకు మంచివి కావు. మూత్రపిండాలు దెబ్బతిన్నవాళ్లు మాంసం ఎంత తినాలో డాక్టరును అడగాలి. ఈ మాటలు చార్టులో ఉండాలంటే, చార్టు రాసేవాళ్లు 'మీరేం తింటారు?' అని ముందు అడగాలి. చెబితే మొహం చిట్లిస్తారని మనవాళ్లు చెప్పరు. అడిగితే బాగుండదని వాళ్లు అడగరు.

కాళ్లు

మిరప కోసిన చేతులు రాత్రంతా మండుతాయి. అందుకే అరికాళ్లు మండినా, తిమ్మిరెక్కినా పని వల్లే అనుకుంటారు. ఆ మంట కొన్నిసార్లు షుగర్ నరాలను తినేస్తున్న గుర్తు. కొన్నాళ్లకు మంట పోతుంది. నయమైందని సంతోషిస్తారు. నిజానికి పోయింది స్పర్శ. పత్తి కట్టె కోసిన మోడు గుచ్చుకున్నా తెలియదు. మూడో రోజున వాసన వస్తే తెలుస్తుంది. ముందు ఊళ్లో ఆరెంపీ కట్టు, తర్వాత నరసరావుపేట, చివరికి గుంటూరు పెద్దాసుపత్రి. ఆ దారిలో వేలు, పాదం, కాలు ఒక్కొక్కటే పోతాయి.

దీన్ని ముందే పట్టడానికి పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు. పది గ్రాముల ఒత్తిడి దగ్గర వంగే ఒక నైలాన్ తీగతో అరికాలి మీద తాకి, తెలిసిందా అని అడగడమే. ఇంట్లో అయితే రోజూ పడుకునే ముందు కాళ్లు కడుక్కుని, తుడుచుకుని, వేళ్ల సందులు మనవరాలితోనైనా చూపించుకోవాలి. ఆ తర్వాత చెప్పులు. కుష్ఠు నివారణ కార్యక్రమంలో మెత్తటి ఎంసీఆర్ రబ్బరు చెప్పులు ఎప్పటినుంచో ఉచితంగా ఇస్తున్నారు. స్పర్శ పోయిన షుగర్ కాలికి కూడా అలాంటివే కావాలి. పెద్దకులాల వీధిలో చెప్పులు చేతపట్టుకుని నడిచిన తాతల కాళ్లు మనవి. ఊరందరికీ చెప్పులు కుట్టిన కులం కాలికి ఇవాళ సరైన చెప్పు ఇవ్వమని ప్రభుత్వాన్ని అడగాల్సి వస్తోంది.

ఇన్సులిన్ వాడేవాళ్ల ఇబ్బంది ఫ్రిజ్. తెరవని సీసాను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. వాడుతున్న సీసా మామూలు గది వేడిలో నాలుగు వారాలు ఉంటుందంటారు. 2021లో జెనీవా విశ్వవిద్యాలయం, సరిహద్దుల్లేని డాక్టర్ల సంస్థ కలిసి చేసిన పరీక్షల్లో 25 నుంచి 37 డిగ్రీల మధ్య మారే వేడిలో కూడా నాలుగు వారాల పాటు ఇన్సులిన్ బలం తగ్గలేదు. మే నెల రేకుల ఇంట్లో వేడి 37 దగ్గర ఆగదు. సీసాను చిన్న డబ్బాలో మూతపెట్టి, తడి ఇసుకలో పెట్టిన మట్టికుండలో ఉంచితే వేడి దిగుతుంది. ఇంకో ముఖ్యమైన సంగతి: మన దగ్గర ఎక్కువగా దొరికే సీసాల్లో మిల్లీలీటరుకు 40 యూనిట్లు ఉంటాయి, దానికి ఎర్ర మూత సిరంజే వాడాలి. 100 యూనిట్ల సిరంజితో అదే గీత దాకా తీస్తే మోతాదు సగం కన్నా తక్కువ వెళ్తుంది.

ఊళ్లో క్లినిక్ ఎక్కడుంది

ఫ్యామిలీ డాక్టర్ పథకాన్ని అప్పటి ముఖ్యమంత్రి 2023 ఏప్రిల్ 6న ప్రారంభించింది పల్నాడు జిల్లా లింగంగుంట్లలోనే. నెలకు రెండుసార్లు పీహెచ్‌సీ డాక్టరు 104 వాహనంతో ఊరికి రావాలన్నది ఆలోచన. బాగుంది. ఊళ్లోనే బీపీ, షుగర్ చూసి నెల మందులు ఇస్తే ఒక కూలి రోజు మిగులుతుంది. కానీ డాక్టరు వచ్చేది పగలు, కూలివాళ్లు పల్లెలో ఉండేది రాత్రి. వాహనం పంచాయతీ ఆఫీసు దగ్గర ఆగుతుందా, పల్లెలో ఆగుతుందా అనేది కూడా చిన్న ప్రశ్న కాదు. కుర్చీ ఎవరికి వేస్తారు, వరసలో ముందు ఎవరు అనేది అక్కడే తేలుతుంది.

ముప్ఫై ఏళ్లు దాటినవాళ్లందరికీ షుగర్ పరీక్ష చేయాలని జాతీయ కార్యక్రమం చెబుతుంది. ఆశా కార్యకర్త ఇంటింటికీ తిరిగి పత్రం నింపాలి. పరీక్షలో మరో మెలిక ఉంది. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ, రక్తహీనత ఉన్నవాళ్లలో తప్పు చూపొచ్చు. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. కాబట్టి హిమోగ్లోబిన్ చూడకుండా ఆ ఒక్క అంకెనే నమ్మకూడదు.

డబ్బు ఎక్కడ ఖర్చవుతోందో చూడండి. ఆరోగ్యశ్రీ ప్రధానంగా ఆసుపత్రిలో చేరాక చేసే చికిత్సలకే. 2024 జూలై నుంచి డయాలసిస్ మీద ఉన్నవాళ్లకు నెలకు 10 వేలు, వికలాంగులకు 6 వేలు పింఛను ఇస్తున్నారు. ఇవ్వాల్సిందే. కానీ కాలు ఉన్నప్పుడు చెప్పుల జతకు, కిడ్నీ పని చేస్తున్నప్పుడు ఏడాదికోసారి మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షకు అయ్యే ఖర్చు దీని ముందు ఎంత? 2013 ఎస్సీ, ఎస్టీ ఉప ప్రణాళిక చట్టం గడువును 2023లో మరో పదేళ్లు పొడిగించారు. ఆ నిధుల్లోంచి పల్లెకొక గ్లూకోమీటరు, స్ట్రిప్పులు, చెప్పులు అడగొచ్చు.

ఈ వ్యాసం చదివే విద్యార్థులు, కార్యకర్తలు వచ్చే 104 రోజున తమ పల్లె నుంచి ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్లతో కలిసి వెళ్లి కొన్ని సంగతులు అడిగి రాసుకోవచ్చు. మా పల్లెలో ఎంతమందికి పరీక్ష చేశారు, షుగర్ తేలినవాళ్లలో ఎంతమంది ఈ నెల మందులు తీసుకున్నారు, ఎంతమంది కాళ్లు చూశారు, కంటి రెటీనా పరీక్షకు ఎవరినైనా పంపారా, మందులు అయిపోయిన నెలలు ఏవి, కోతల కాలంలో సాయంత్రం ఆరు తర్వాత ఒక్క రోజైనా ఇక్కడ కూర్చోగలరా. జవాబు నోటిమాటగా వస్తే, అవే ప్రశ్నలు సమాచార హక్కు దరఖాస్తుగా పీహెచ్‌సీకి పంపొచ్చు. ముప్ఫై రోజుల్లో కాగితం మీద జవాబు ఇవ్వాలి.