సముద్ర గర్భంలో అలలు

సముద్రపు పైభాగం ప్రశాంతంగా ఉన్నంత మాత్రాన లోపల కూడా కదలిక లేదనుకోరాదు. సముద్రజలం పొరలు పొరలుగా ఉంటుంది. తేలికైన వెచ్చని నీరు పైన, బరువైన చల్లని నీరు అడుగున ఉంటాయి. ఈ పొరల నడుమ పుట్టే అలలనే అంతర్గత తరంగాలంటారు.

ఉదాహరణకు, తైవాన్, ఫిలిప్పీన్స్‌ల మధ్యనున్న లూజాన్ జలసంధిలో ఆటుపోట్ల ప్రవాహం సముద్రం అడుగున ఉన్న పర్వతశ్రేణుల మీదుగా పారుతుంది. బరువైన నీరు ఆ గట్లపైకి లేచి, తిరిగి క్రిందికి జారుతుంది. ఈ ఊగిసలాటే అలగా మారి దక్షిణ చైనా సముద్రంలోకి సాగిపోతుంది. దాని ఎత్తు ఒక్కొక్కప్పుడు 200 మీటర్లు దాటుతుంది. అయినా ఉపరితలం పెద్దగా పైకి లేవదు. ఎందువల్ల? నీటికీ గాలికీ ఉన్నంత సాంద్రతా భేదం నీటి పొరల మధ్య లేదు. కనుక కొద్దిపాటి శక్తితోనే అవి ఎంతో ఎత్తుకు లేస్తాయి.

అల మరీ నిటారైనప్పుడు బరువైన నీరు తేలికైన నీటిపై కూలుతుంది. పెద్ద సుడులు చిన్న సుడులుగా చీలిపోతాయి. వేడిమి, లవణాలు పొర నుండి పొరకు వ్యాపిస్తాయి. అడుగునున్న పోషకాలు వెలుగు సోకే చోటికి చేరి జీవరాశికి ఆధారమవుతాయి.

ఈ కలయికే లేకుంటే కొన్నివేల సంవత్సరాలలో సముద్రం చల్లని, ఉప్పని, కదలని మడుగైపోతుందని వాల్టర్ మంక్, కార్ల్ వున్ష్ అనే శాస్త్రజ్ఞులు 1998లో వివరించారు. భూగోళపు శీతోష్ణస్థితిని అంచనా వేయదలచినవారు కంటికి కనిపించని ఈ అలలను కూడా లెక్కలోకి తీసుకోక తప్పదు.