హొగేనక్కల్ కనుమదారి: స్టాండర్డ్ హెరాల్డు కారు బ్రేకులను, నడకను మెరుగుపరచు విధము

హొగేనక్కల్ అను పేరునకు కన్నడమున "పొగ లేచు రాయి" అని అర్థము. కావేరి రాతిగోడల మీదుగా దుముకునపుడు ఎగయు తుంపరయే ఆ పొగ. ధర్మపురి నుండి పెన్నాగరము మీదుగా జలపాతమును చేరు మార్గము తుదిభాగమున అడవి నడుమ మెలికలు తిరుగుచు నదీతీరమునకు దిగును. పాతకాలపు చిన్న కారులో భార్యాబిడ్డలతో ఈ దారి దిగువానికి మరియొక పొగ ఎదురగుట కలదు. అది కాగిన బ్రేకులనుండి లేచునది. దానికి కారణమేమి, నివారణోపాయమేమి, బ్రేకులకును మలుపులలో కారు నడకకును గల సంబంధమేమి అను విషయములు స్టాండర్డ్ హెరాల్డు కారును నిదర్శనముగా గొని ఈ వ్యాసమున పరిశీలింపబడుచున్నవి.

హెరాల్డు మొదట 1959లో ఇంగ్లండున ట్రయంఫ్ పేరిట వెలువడినది. దాని రూపకర్త ఇటలీ దేశీయుడగు జొవాన్నీ మికెలొట్టి. మదరాసునందలి స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ సంస్థ 1961 నుండి దానిని 948 ఘన సెంటీమీటర్ల ఇంజనుతో మనదేశమున తయారుచేసెను. నాలుగు తలుపుల హెరాల్డు భారతదేశమునకే ప్రత్యేకమైనది. సుమారు 25 అడుగుల వలయములోనే తిరుగగల ఈ కారు ఇరుకు వీధులకును, కనుమల మలుపులకును మిక్కిలి అనుకూలము. అయినను దిగుడుదారిలో దీనికి రెండు బలహీనతలు గలవు. మొదటిది నాలుగు చక్రములకును డ్రమ్ము బ్రేకులే యుండుట. రెండవది వెనుక ఇరుసు నిర్మాణము.

మొదట వేడిని గూర్చి విచారింతము. మనుష్యులతోను సామానుతోను కలిసి కారు బరువు 1,100 కిలోలని యెంచినచో, అది 100 మీటర్ల ఎత్తు దిగునపుడు సుమారు పదునొకండు లక్షల జౌళ్ళ శక్తి వెలువడును. మూడున్నర లీటర్ల నీటిని 30 డిగ్రీలనుండి మరుగునట్లు చేయుటకు ఈ శక్తి చాలును. ఇందు కొంత గాలికిని, కొంత ఇంజనుకును పోవును. తక్కినదంతయు బ్రేకులే భరింపవలెను. డ్రమ్ము మూసిన గిన్నె వంటిది. లోపలి వేడి త్వరగా వెలికి పోజాలదు. వేడికి డ్రమ్ము వ్యాకోచించి షూలనుండి దూరముగా జరుగును. లైనింగు పట్టు తగ్గును. అప్పుడు పెడలును ఎంత గట్టిగా త్రొక్కినను కారు మునుపటివలె ఆగదు. డిస్కు బ్రేకు ఇందుకు భిన్నము. పళ్ళెము గాలికి తెరచియుండుటచే త్వరగా చల్లారును. వేడికి దళసరియై ప్యాడ్ల వైపునకే జరుగును గాని వానికి దూరము కాదు.

ఇక ఇరుసు సంగతి. హెరాల్డు వెనుకభాగమున ఒకే అడ్డు కమానుకట్టు, దాని క్రింద నడుమ డిఫరెన్షియలు, దానికి ఇరుప్రక్కల రెక్కలవలె ఊగు రెండు అర ఇరుసులు కలవు. మలుపులో వేగము మించినచో వెలుపలి చక్రముపై పడు ప్రక్కబలము కారు వెనుకభాగమును పైకెత్తును. అట్లెత్తినపుడు చక్రపు అడుగుభాగము లోపలికి ముడుచుకొనును. టైరు అంచు మాత్రమే నేలకు తగులును. పట్టు ఒక్కమారుగా సడలి కారు వెనుకభాగము ప్రక్కకు విసరుకొనిపోవును.

ఈ రెండు లోపములును ఒకేచోట కలియుటలోనే అసలు ప్రమాదమున్నది. మలుపు నడుమ భయపడి డ్రైవరు బ్రేకు త్రొక్కినను, ఆక్సిలరేటరును చటుక్కున వదలినను బరువు ముందుకు ఒరిగి వెనుకభాగము తేలికయై లేచును. ఇరుసు ముడుచుకొనుటకు ఇదియే తగిన క్షణము. బ్రేకులు బలహీనమైన కారు మలుపును అధికవేగముతో చేరును; అట్లు చేరినందుననే మలుపులో బ్రేకు త్రొక్కవలసి వచ్చును. కావున బ్రేకులను బాగుచేయుట నడకను బాగుచేయుటలో సగభాగము.

మెరుగుదలకు ఒక వరుసక్రమము కలదు. క్రొత్త భాగములను కొనుటకు ముందు ఉన్నవానిని సరియైన స్థితికి తేవలెను. రబ్బరు గొట్టములు, వీలు సిలిండర్లు, మాస్టరు సిలిండరు పరీక్షింపవలెను. డ్రమ్ములు గుండ్రదనము తప్పినచో లేతుపై తీయించి, షూలను సరిగా బిగింపవలెను. పాత లైనింగులలో ఆస్బెస్టాసు ఉండవచ్చును గనుక ఆ ధూళిని ఊదరాదు, తడిగుడ్డతో తుడువవలెను. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకొనును. డాట్ 4 తరగతి ఆయిలు క్రొత్తదిగా నున్నపుడు కనీసము 230 డిగ్రీల వరకు మరుగదు. తేమ పీల్చిన పిమ్మట ఆ హద్దు 155 డిగ్రీలకు దిగవచ్చును. మరిగిన ఆయిలులో ఆవిరి బుడగలు పుట్టి పెడలు నేలకంటుకొనును. రెండేండ్ల కొకసారి ఆయిలు మార్చుట ఖర్చులో స్వల్పము, ఫలములో అధికము.

ముందు చక్రముల నిలువు కడ్డీలు అడుగున ఇత్తడి ట్రనియన్లలో మరచుట్లతో తిరుగును. వీనికి గ్రీజు గాక చిక్కని గేరు ఆయిలే పట్టింపవలెను. ఎండిన మరలు తుప్పుపట్టి, కడ్డీ విరిగి, చక్రము కూలిన సందర్భములు ఈ జాతి కార్లలో ప్రసిద్ధములు.

ఇంత చేసిన పిమ్మట ముందు చక్రములకు డిస్కు బ్రేకులు అమర్చుట రెండవ మెట్టు. ఇంగ్లండున ఈ వంశపు కార్లగు 1962 నాటి స్పిట్‌ఫైరు, విటెస్సులలో ముందు డిస్కులు ఉండుటచే వాని భాగములు హెరాల్డునకు సరిపడునట్లు అమర్ప వీలగును. డిస్కునకు డ్రమ్మువలె తనంతట బిగియు గుణము లేదు గావున పెడలు కొంత బరువగును. మాస్టరు సిలిండరు కొలతను క్రొత్త కాలిపరులకు తగినట్లు చూచుకొనవలెను. వెనుక డ్రమ్ములను మాత్రము మార్చరాదు. ఆగునపుడు బరువు ముందునకు వచ్చును గనుక, వెనుక బ్రేకులు బలమైనచో ఆ చక్రములే ముందుగా బిగిసి కారు గిరగిర తిరుగును. పాత పద్ధతిలో నాలుగు చక్రములకు ఒకే ఆయిలు మార్గము. ఎక్కడ కారినను అంతయు పోవును. ముందు వెనుకలకు వేరుమార్గములు గల జంట మాస్టరు సిలిండరు దీనికి విరుగుడు.

మూడవ మెట్టు టైర్లు. నాలుగును ఒకే రకపు రేడియల్ టైర్లు కావలెను. ముందు రేడియలు, వెనుక పాతరకపు నైలాను టైర్లు వేయుట అపాయకరము; ముందు పట్టు హెచ్చి వెనుక తగ్గును. వెనుక టైర్లలో ముందువానికన్న కొంత హెచ్చుగా గాలి యుండవలెను.

నాలుగవది వెనుక ఇరుసు. కమానును స్వల్పముగా దించినచో చక్రముల పైభాగము లోనికి వాలి, ముడుచుకొను గుణము తగ్గును. ఇంతకు మేలైన ఉపాయమును ట్రయంఫ్ వారే 1970లో స్పిట్‌ఫైరు నాలుగవ నమూనాలో చూపిరి. కమానుపట్టీలలో చాలవానిని నడుమ ఊగునట్లు చేసి, ముందు బిగువు కడ్డీని దళసరి చేసిరి. వెనుకభాగము ప్రక్కకు ఒరుగుటను ఎదిరించు పని తగ్గుటచే వెలుపలి చక్రముపై భారము తగ్గెను. ఈ రెండును కలిపియే చేయవలెను. మదరాసు సంస్థ వేరుదారి త్రొక్కి, 1970 తరువాతి గజెల్ కారులో ఊగు ఇరుసును విడిచి ఏకాండమైన ఇరుసు నమర్చెను. మన మెకానిక్కులకు అది సుపరిచితము.

ఇక చట్టము. 2021 నాటి కేంద్ర నిబంధనల ప్రకారము ఏబదియేండ్లు దాటి, మూలరూపమున నిలిచి, చాసిస్, బాడీ, ఇంజనులలో గణనీయమైన మార్పు పొందని కారునకే "వింటేజి" గుర్తింపు లభించును. అట్టి గుర్తింపు పొందినది నిత్యవినియోగమునకు పనికిరాదు. మోటారు వాహనముల చట్టము 1988 కూడ మార్పులకు హద్దులు విధించినది. కావున కోయక, అతుకక, మరలతో బిగించి విప్పదగిన మార్పులే చేయవలెను. తీసిన భాగములను దాచవలెను. పని ప్రారంభమునకు ముందే రవాణా కార్యాలయమున విచారింపవలెను.

ఎన్ని మెరుగులు దిద్దినను కనుమదారి నియమము మారదు. దిగుడు ఆరంభముననే రెండవ గేరు వేయవలెను. ఇంజనే సగము బ్రేకు. మలుపునకు ముందు, కారు తిన్నగా నున్నపుడే వేగము తగ్గించి, మలుపులో ఆక్సిలరేటరుపై కాలు నిలుకడగా నుంచవలెను. తుంపరలో తడిసిన డ్రమ్ములను మెల్లగా త్రొక్కుచు ఆరబెట్టి కాని తిరుగు ప్రయాణము సాగింపరాదు. హెరాల్డు నిర్మాతలు నేర్చిన పాఠమును డ్రైవరు కాలు కూడ నేర్చినపుడే ఆ మెరుగులు సార్థకములగును.