దూరదర్శిని గురి ఏల తప్పును?

మిద్దెమీద చిన్న దూరదర్శినిని నిలిపి, దానికి కెమెరా తగిలించి నక్షత్రముల ఛాయాచిత్రములు తీయు ఔత్సాహికులు నేడు మన పట్టణములలోను కలరు. వారిలో పలువురి ఫిర్యాదు ఒక్కటే. నిద్ర మాని తీసిన చిత్రములో నక్షత్రములు చుక్కలవలె నుండక బియ్యపుగింజలవలె సాగి కనబడును. కటకము చెడ్డదని వారు తలతురు. తరచుగా దోషము కటకమును మోయు పీఠమునందే యుండునని మా అభిప్రాయము.

డిగ్రీలో 3,600వ వంతును వికల యందురు. నిండుచంద్రుని వ్యాసము సుమారు 1,800 వికలలు. భూభ్రమణము వలన ఖగోళమధ్యరేఖపై నున్న నక్షత్రము సెకనుకు 15 వికలల చొప్పున పడమటికి జరుగుచున్నట్లు కనబడును. పీఠములోని ధ్రువాక్షము అంతే వేగముతో తిరిగి దానిని వెంబడింపవలెను. మంచి చిత్రమునకు ఒకటి రెండు వికలలకు మించి తప్పు రాగూడదు. ఇక లెక్క చూతము. దూరదర్శిని గొట్టము 30 సెంటీమీటర్ల ఎడముగల రెండు పట్టీలపై నిలిచియున్న దనుకొందము. అందొక పట్టీ మిల్లీమీటరులో నూరవ వంతు, అనగా తలవెండ్రుక మందములో ఏ ఏడవ వంతో క్రుంగినచో, గురి దాదాపు 7 వికలలు మారిపోవును!

ఇనుము వంగదనుకొనరాదు. వంగని వస్తువే లేదు. ఎంత వంగుననుటయే ప్రశ్న. ఒక కొన బిగించి, రెండవ కొనకు బరువు తగిలించిన కడ్డీ పొడవును సగము చేసినచో వంపు ఎనిమిదవ వంతునకు తగ్గును. గుండ్రని కడ్డీ లావును రెట్టింపు చేసినచో పదునారవ వంతునకు తగ్గును. కనుక ముక్కాలి కాళ్ళను పూర్తిగా పైకి లాగి, మరలను ఎంత బిగించినను ఫలము స్వల్పము. కాళ్ళను లోనికి దించి పొట్టిచేయుట మేలు. చూచువారు చిన్న పీట వేసికొని కూర్చుండవచ్చును గదా!

కాలిఫోర్నియాలోని పాలోమార్ పర్వతముపై 200 అంగుళముల దర్పణముగల హేల్ దూరదర్శిని యున్నది. దాని కొరకు 1935లో మార్క్ సెరూరియర్ అను ఇంజనీరు వంపును మాన్పజూడలేదు. గొట్టపు రెండు కొనలును సమముగా, ఒకదానికొకటి సమాంతరముగా క్రుంగునట్లు కడ్డీల చట్రము నమర్చెను. రెండును కలిసి దిగుటచే గురి చెడదు.

మన మిద్దెలమీద జరుగునది దీనికి సరిగా విరుద్ధము. పెద్ద గొట్టముపై చిన్న గొట్టమును కట్టి, దానిలో ఒక నక్షత్రమును గురియందు నిలుపుచుందురు. ఆ నక్షత్రము కదలదు. చిత్రము మాత్రము సాగును. రెండు గొట్టములును వేరువేరుగా వంగుటయే కారణము. చిన్న పట్టకము నమర్చి, పెద్ద గొట్టపు వెలుగులోనే కొంత ప్రక్కకు మళ్ళించి గురి చూచినచో ఈ భేదము చాలవరకు పోవును.

వంపు వేరు, వదులు వేరు. నక్షత్రమును హెచ్చు పెంపుగల కటకముతో చూచుచు గొట్టమును వ్రేలితో మెల్లగా నొక్కి విడువుడు. చుక్క పూర్వస్థానమునకే వచ్చినచో అది వంపు. రానిచో ఎచ్చటనో వదులున్నది. పళ్ళచక్రములలోని వదులునకు సులభమైన ఉపాయము కలదు. తూకము సరిచూచిన పిమ్మట తూర్పువైపున బరువు రవంత హెచ్చుగా నుంచినచో పళ్ళు ఎల్లప్పుడు ఒకవైపుననే ఆనుకొనియుండును. వ్రేలాడు విద్యుత్తీగలను గూడ కట్టివేయవలెను. అవియు గొట్టమును లాగును.

ఇన్నియు సరిచేసినను చుక్క నెమ్మదిగా జారుచుండినచో ధ్రువాక్షమును శంకింపవలెను. తెలుగునాట ధ్రువనక్షత్రము సుమారు 13 మొదలు 19 డిగ్రీల ఎత్తున మాత్రమే యుండును. చెట్లు, మేడలు, దుమ్ము దానిని మరుగుపరచును. అదియును అసలు ధ్రువమునకు అర డిగ్రీకి పైగా దూరమున నున్నది. కనుక ధ్రువాక్షపు దోషమును ఇతర నక్షత్రముల జారుడు వలన కనుగొనుట మేలు. దక్షిణమున నడినెత్తికి చేరువగా, ఖగోళమధ్యరేఖపై నున్న నక్షత్రమును చూడుడు. అది దక్షిణమునకు జారినచో ధ్రువాక్షపు ఉత్తరపు కొన తూర్పునకు తప్పినది. ఉత్తరమునకు జారినచో పడమటికి. పిమ్మట తూర్పున తక్కువ ఎత్తున నున్న నక్షత్రమును చూడుడు. దక్షిణమునకు జారినచో ధ్రువాక్షము ఎత్తు చాలలేదు. ఉత్తరమునకు జారినచో ఎత్తు హెచ్చినది. అయిదు నిమిషములపాటు చుక్క అటునిటు జారకున్నచో కెమెరా తెరవవచ్చును.