కంపెనీల నడుమ గండుచీమలు

పటాన్‌చెరు అనగానే ముక్కు మూసుకునేవాళ్లే ఎక్కువ. మందుల ఫ్యాక్టరీలు, రసాయనాల డ్రమ్ములు, నక్కవాగు గోడు... వీటి మీద ఇప్పటికే చాలా రాశారు. అదే నేల మీద గేటుపాసు లేకుండా తిరిగే చీమల జోలికి మాత్రం ఎవరూ పోలేదు.

కంది చేను గట్టున కాసేపు కూర్చోండి. కాండం మీద ముల్లులా కనిపించేది తరచి చూస్తే కదులుతుంది. వీపున కొమ్ములున్న చిన్న పురుగు అది. కంది రసం పీల్చి, మిగిలిన తీపిని చుక్కలుగా వదులుతుంది. గండుచీమ వచ్చి మీసాలతో దాని వెనక భాగాన్ని మెల్లగా తడుతుంది. చుక్క రాగానే తాగేస్తుంది. పొట్ట నిండాక గూటికి దిగి, నోటితో నోటికి తోటి చీమలకు పంచుతుంది. ఈ విందుకు బదులుగా పురుగులకు కాపలా కాస్తుంది, మీదికొచ్చే శత్రువులను తరిమేస్తుంది. పేనుబంక దగ్గరా ఇదే తంతు. చీమ రైతు నేస్తమంటే కంది రైతు ఆ మాట ఒప్పుకోనక్కర్లేదు!

వేరుశనగ రైతు అసలే ఒప్పుకోడు. కళ్లులేని ఒక ఎర్రచీమ జాతి నేలలోపలే బతుకుతూ కాయకు రంధ్రం చేసి పప్పు తినేస్తుంది. మొక్క పీకితే తప్ప నష్టం తెలియదు. 1972లో ఏర్పడి, కంది, వేరుశనగల మీద పరిశోధన సాగిస్తున్న ఇక్రిశాట్ సంస్థ ఉన్నది ఈ పటాన్‌చెరులోనే. ఆ ఆవరణలో నల్లరేగడీ ఉంది, ఎర్రనేలా ఉంది.

సంగారెడ్డి పండ్ల పరిశోధన కేంద్రం మామిడికి పేరుపడింది. మామిడికొమ్మల్లో ఆకులు కుట్టే ఎర్రచీమల పనితనం చూడాలి. కొన్ని వరుసకట్టి రెండు ఆకుల అంచులను దగ్గరికి లాగి పట్టుకుంటాయి. మరికొన్ని తమ పిల్లపురుగులను నోట కరుచుకుని, మగ్గం మీద నాడెలా అటూ ఇటూ ఆడిస్తాయి. దారం వచ్చేది పిల్లల నోటినుంచే. కాయ కోయడానికి చెట్టెక్కినవాడిని కరిచి, ఆ గాటులో ఫార్మిక్ ఆమ్లం చిమ్ముతాయి. 1671లో ఇంగ్లండుకు చెందిన జాన్ రే చీమలను స్వేదనం చేసి ఆ ఆమ్లాన్ని వేరుచేశాడు. ఇప్పుడు దాన్ని ఫ్యాక్టరీల్లోనే తయారుచేస్తున్నారు.

మన దేశంలో 800కు పైగా చీమ జాతులున్నాయి. దక్షిణాది చీమల జాబితాను 1851లోనే అచ్చువేసిన జెర్డన్ నెల్లూరులో పనిచేసిన డాక్టరు.

అన్ని జాతులూ అన్నిచోట్లా ఇమడవు. వంకరటింకరగా పరుగెత్తే పిచ్చిచీమకు క్యాంటీన్ గోడ పగులు చాలు. గడ్డిగింజలు ఏరుకుని, కన్నం చుట్టూ పొట్టు పోసే చీమకు మాత్రం గింజపట్టే గడ్డి కావాలి. కంపెనీల ముందు కత్తిరించిన లాన్ దానికి ఎందుకూ పనికిరాదు. ఆస్ట్రేలియాలో గనులు పూడ్చిన నేల కోలుకుంటోందో లేదో తెలుసుకోవడానికి ఏయే చీమలు తిరిగొచ్చాయో లెక్కిస్తారు. అందుకు పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు. నేలకు సమంగా గ్లాసులు పాతిపెట్టి, వాటిలో పడ్డవాటిని జాతులవారీగా వేరుచేస్తారు. ఆ పని నక్కవాగు ఒడ్డునా చేయవచ్చు.