ఒక్క ఎర్ర చుక్క కోసం మూడు రాత్రులు | గేమ్ బాయ్ అడ్వాన్స్ హోమ్‌బ్రూ ఎలా స్టార్ట్ చేయాలి?

నన్ను చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది. "అన్నా, గేమ్స్ చేయడం నేర్చుకోవాలి, యూనిటీతో స్టార్ట్ చేయాలా, అన్‌రియల్‌తోనా?" నా ఆన్సర్ కొంచెం వింతగా ఉంటుంది. 2001లో వచ్చిన గేమ్ బాయ్ అడ్వాన్స్‌తో స్టార్ట్ చేయండి.

ఎందుకో చెప్తా. బీటెక్ అయ్యాక నాలుగేళ్లు సాఫ్ట్‌వేర్ జాబ్ చేశా. ఒక ఇంటర్వ్యూలో "స్క్రీన్ మీద ఒక్క పిక్సెల్ ఎలా వెలుగుతుంది?" అని అడిగితే నా నోరు పెగల్లేదు. ఏ లైబ్రరీ వాడాలో తెలుసు, దాని కింద ఏం జరుగుతుందో తెలీదు. ఆ రోజు బస్సులో ఇంటికొస్తుంటే నిజంగా సిగ్గేసింది. హోమ్‌బ్రూ వైపు వచ్చింది ఆ సిగ్గుతోనే.

హోమ్‌బ్రూ అంటే కంపెనీ లైసెన్స్, అఫీషియల్ కిట్ ఏమీ లేకుండా, కన్సోల్ కోసం మనమే సరదాగా గేమ్ రాసుకోవడం. కంపెనీల గేమ్స్ ఫ్రీగా డౌన్‌లోడ్ చేసుకోవడం కాదు. అది పైరసీ, దాని జోలికి నేను వెళ్లను.

చిన్నప్పుడు మనం క్యాసెట్ ఊదుకుంటూ టీవీకి పెట్టి ఆడిన వీడియో గేమ్ గుర్తుందా? అవి చాలావరకు నింటెండో ఫ్యామికామ్‌కి కాపీలు. దానికీ హోమ్‌బ్రూ రాస్తారు, కానీ ఎక్కువగా అసెంబ్లీలో. గేమ్ బాయ్ అడ్వాన్స్‌కి ఫస్టియర్‌లో నేర్చుకున్న సీ లాంగ్వేజ్ చాలు.

మెషిన్ చాలా చిన్నది. ప్రాసెసర్ స్పీడ్ 16.78 మెగాహెర్ట్జ్. మెయిన్ మెమరీ 256 కేబీ, చిప్ లోపల ఇంకో 32 కేబీ. స్క్రీన్‌కి 96 కేబీ. మీ ఫోన్‌లో ఒక ఫోటో కూడా ఇందులో పట్టదేమో! ఆపరేటింగ్ సిస్టమ్ లేదు. మీ కోడే డైరెక్ట్‌గా హార్డ్‌వేర్‌తో మాట్లాడుతుంది.

ఎలాగంటే, హెక్స్‌లో 04000000 అనే అడ్రస్‌లో 0403 రాస్తే స్క్రీన్ "మోడ్ 3"లోకి వస్తుంది. ఇక 06000000 నుంచి ఉన్న మెమరీయే స్క్రీన్. పిక్సెల్‌కి 2 బైట్లు. వెడల్పు 240, ఎత్తు 160. మధ్యలో చుక్క కావాలంటే 80 ఇంటూ 240 ప్లస్ 120, అంటే 19320వ స్థానం. అక్కడ 31 రాస్తే ఎర్ర చుక్క. అంతే, ప్రోగ్రామ్ అయిపోయింది.

మరి నాకు మూడు రాత్రులు ఎందుకు పట్టింది? నా చుక్క మధ్యలో కాకుండా పైన ఎడమవైపు వచ్చింది. పైగా ఎరుపు కాదు, పసుపు! ఎమ్యులేటర్‌ని తిట్టుకున్నా, మళ్లీ ఇన్‌స్టాల్ చేశా. తప్పు నాదే. 16 బిట్ల పాయింటర్ పెట్టాల్సిన చోట 8 బిట్లది పెట్టా. దాంతో లెక్క సగానికి పడిపోయి చుక్క 60, 40 దగ్గరికి పోయింది. ఈ వీడియో మెమరీ ఒక్క బైట్ రాస్తే ఊరుకోదు, అదే బైట్‌ని పక్కదాంట్లో కూడా నింపేస్తుంది. ఎరుపుకి గ్రీన్ కలిసి పసుపైంది. కాలేజీలో పాయింటర్స్ మీద ఫుల్ మార్కులు వచ్చినోణ్ణి, పాయింటర్ అంటే ఏంటో అర్థమైంది ఆ రాత్రే.

బటన్ల దగ్గర కూడా ఒక తిరకాసుంది. నొక్కితే 1 కాదు, 0 వస్తుంది. మొదట్లో అందరూ ఇక్కడ బోల్తా పడతారు.

టూల్స్ అన్నీ ఫ్రీ. కంపైలర్‌కి డెవ్‌కిట్‌ప్రో వాళ్ల డెవ్‌కిట్‌ఆర్మ్, రన్ చేయడానికి ఎంజీబీఏ, చదవడానికి టాంక్ అనే ట్యుటోరియల్. టాంక్ ఇంగ్లీష్‌లో ఉంటుంది, కొంచెం బరువుగా కూడా ఉంటుంది, కానీ దానికి సాటి లేదు. కంపైల్ చేయడానికి పాత ల్యాప్‌టాప్ చాలు. గేమ్ ఫైల్‌ని ఫోన్‌లో రెట్రోఆర్క్‌లో ఆడుకోవచ్చు. ఒరిజినల్ కన్సోల్ ఇప్పుడే కొనకండి, డబ్బులు దండగ.

నెక్స్ట్ ఎపిసోడ్‌లో బటన్లతో ఒక డబ్బాని కదిలిద్దాం. ఈలోపు మీ చుక్కని చివరి మూలలో, అంటే 239, 159 దగ్గర పెట్టండి. అది వచ్చాక 240, 100 దగ్గర పెట్టి చూడండి, ఎక్కడ తేలుతుందో. ఎందుకలా అయిందో అప్పుడు మాట్లాడుకుందాం.