ఇంటి ముంగిట కలబంద

మన రాయచూరు ఎండలు తెలిసినవే. వేసవిలో నలభై డిగ్రీలు దాటే ఈ ఊళ్లలో గులాబీ, మల్లె బతికించుకోవడమే కష్టం. అడపాదడపా నీళ్లు పోస్తే చాలు, ఏళ్ల తరబడి పెరిగే మొక్క కలబంద. ఉర్దూలో ఘీక్వార్ అనీ, కన్నడంలో లోళెసర అనీ అంటారు. ఆకు లోపలి చేదు రసాన్ని ఎండబెడితే వచ్చేది ముసాంబరం. యునానీలో దాని పేరు సిబ్ర్. అరబీలో ఓర్పుకూ, ఈ మందుకూ అక్షరాలు ఒక్కటే: స్వాద్, బే, రే. పేరుకు తగ్గ మొక్కే.

పగటి ఎండలో కలబంద ఆకు రంధ్రాలు మూసుకుని, రాత్రి చల్లదనంలో తెరుచుకుంటాయి. అందుకే లోపలి తేమ ఆవిరైపోదు. గుమ్మానికి తలకిందులుగా వేలాడదీసినా చాలా రోజులు పచ్చగా ఉండటానికి కారణం ఇదే. అందులో దిష్టి మహిమ ఏమీ లేదు. అల్లాహ్ దానికిచ్చిన స్వభావం అది.

నాటే విధానం

తల్లిమొక్క పక్కన వచ్చే పిలకను వేరుతో సహా తీసి, రెండు మూడు రోజులు నీడలో ఆరనివ్వండి. కుండీకి అడుగున రంధ్రం తప్పనిసరి. నల్లరేగడి ఒక్కటే వాడకండి, అది నీటిని పట్టి ఉంచుతుంది. ఎర్రమట్టి, ఇసుక సమపాళ్లలో కలిపి, గుప్పెడు బాగా మాగిన పశువుల ఎరువు వేయండి. నాటిన నాలుగైదు రోజులకు కొద్దిగా నీళ్లు పోయండి.

కలబంద దాహంతో చచ్చేది తక్కువ, అతి ప్రేమతో చచ్చేదే ఎక్కువ. మట్టిలో వేలు రెండు అంగుళాలు దించి చూడండి. తడి తగిలితే నీళ్లు వద్దు. మొదలు మెత్తబడి ఆకులు పసుపు రంగుకు తిరిగితే నీరు ఎక్కువైందని గుర్తు. మొక్కను పీకి, కుళ్లిన వేర్లు కోసి, ఆరబెట్టి కొత్త మట్టిలో నాటండి. ఆకులు పలచబడి ముడుచుకుంటే దాహం. ఎర్రబారితే ఎండ ఎక్కువైనట్టు. ఉదయపు ఎండ తగిలే వరండా దీనికి సరైన చోటు.

వాడే ముందు

కంచె పక్కన పెరిగే కిత్తనారను చూసి కలబంద అనుకోకండి. దాని రసం తగిలితే చర్మం మండుతుంది.

కలబంద ఆకులో రెండు వేర్వేరు పదార్థాలున్నాయి. తోలు కింద పసుపుపచ్చని చేదు రసం, మధ్యలో తెల్లని గుజ్జు. బయటి వరుస ఆకును కోసి, కోసిన వైపు కిందికి పెట్టి పావుగంట నిలబెడితే పసుపు రసం కారిపోతుంది. తర్వాత కడిగి తోలు తీయండి. గుజ్జును ముందు ముంజేతిపై కొద్దిగా రాసి చూసుకోండి. వంటింట్లో చిన్నగా చెయ్యి కాలితే మొదట ఇరవై నిమిషాలు పారే నీటి కింద ఉంచి, ఆ తర్వాత గుజ్జు రాయండి. పెద్ద గాయమైతే, బొబ్బలు లేస్తే ఆస్పత్రికి వెళ్లాల్సిందే.

అమ్మలూ, అక్కలూ! ఇది మరవకండి

పసుపు రసం బలమైన విరేచనకారి. బహిష్టును కూడా తెప్పిస్తుంది. అందుకే గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పసిపిల్లలు, మొలలు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు దాన్ని నోట పెట్టుకోరాదు. “చెట్టు మందే కదా, ఏం చేస్తుంది” అని కోడలికి ఆకు నూరి తాగించే పెద్దలు ఈ మాట చెవిన పెట్టాలి. మలబద్ధకానికి కలబంద రసంతో చేసే మందులను దుకాణాల్లో చీటీ లేకుండా అమ్మడాన్ని అమెరికా ప్రభుత్వం 2002లో ఆపించింది. యునానీలో అయారిజ్ ఫైఖరా వంటి మందుల్లో సిబ్ర్ ఉంటుంది గానీ, దాని దోషాన్ని విరిచే మస్తగీ, దాల్చినచెక్క తదితరాలతో తూచి కలుపుతారు. ఆ తూకం ఇంట్లో కుదిరేది కాదు.

షుగర్ ఉన్నవారు మాత్రలు మాని కలబంద రసం పట్టడం ప్రమాదం. మాత్రలతో పాటు తాగినా షుగర్ మరీ పడిపోవచ్చు. డాక్టరును అడగనిదే వద్దు.

మొక్క నాటడం సదఖా. మీ కుండీలో పిలకలు వస్తే పొరుగింటికీ ఒకటి ఇవ్వండి. ఇచ్చేటప్పుడు పసుపు రసం సంగతి కూడా చెప్పండి. ఇన్షా అల్లాహ్, ఆ మాట ఒక తల్లినీ బిడ్డనూ కాపాడవచ్చు.